మధ్యాహ్నం ఎక్కడ ఆగుతావు?

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, ఆవిడ నోరూ ఎప్పటిలాగే ఉంది.

నువ్వు ఫోనులో పంపిన పట్టీ మీ అత్తయ్య చదివి వినిపించింది. మే ఆఖరి వారంలో నువ్వూ నీ స్నేహితురాలూ ధవళేశ్వరంలో సైకిళ్ళెక్కి, కోనసీమ మీదుగా అంతర్వేది చేరతారట. ఎన్నింటికి లేచేది, గంటకెన్ని కిలోమీటర్లు లాగేది, ఆత్రేయపురంలో పూతరేకులు ఎప్పుడు కొనేది, అన్నీ గళ్ళు గీసి మరీ రాశావు. పదిన్నరకి రావులపాలెం దాటతావు. ఆ కింద గడిలో సాయంత్రం ఐదింటికి అమలాపురంలో తేలతావు. ఈ రెంటికీ మధ్య ఏం రాసిందో మళ్ళీ చదవవే అన్నాను. ఏమీ రాయలేదంది. మధ్యాహ్నం అన్నదే లేదమ్మా నీ పట్టీలో!

ఫోను చేసి చెబుదామనుకున్నాను. చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు. ఈలోగా నాకు దగ్గొస్తుంది, నువ్వు మంచినీళ్ళు తాగమంటావు, అసలు మాట అక్కడే ఉండిపోతుంది. కాగితం మీదైతే నీకు మధ్యలో సరే అనే వీలుండదు.

ఉద్యోగం సంగతి మీ అమ్మ చెప్పింది. ఎవరెవరు ఏమేం అంటున్నారో అదీ నా చెవిన పడింది. దాని మీద నేనేమీ రాయను. తూర్పు చేను అమ్మిన ఏడు మా ఇంట్లో జరిగిన రభస ముందు ఇదెంత? నీకు తెలియంది కాదు. సైకిలు సంగతికొద్దాం.

వెళ్ళొద్దని అనను. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా నా బతుకంతా కాలవ గట్ల మీద సైకిలు మీదే వెళ్ళిపోయింది. వద్దనే హక్కు నాకెక్కడిది? పైగా చూడవలసిన కాలమే ఎంచుకున్నావు. అందరూ కోనసీమ అంటే నిండు కాలవ, పచ్చటి చేను అనుకుని సంక్రాంతికి వస్తారు. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. అప్పుడు చూడాలి కాలవని. అడుగున బురద నెర్రెలు తీసి, అక్కడక్కడ మడుగులు మిగిలి, మోకాళ్ళ లోతులో పిల్లలు బుట్టలతో కొరమేనులు పడుతుంటారు. తూములకి రంగులేస్తుంటారు. గుర్రపుడెక్క లాగి గట్టున పోస్తే ఎండి కంపు కొడుతుంటుంది. లాకు తలుపులు అడుగు దాకా కనపడేది ఆ నాలుగు వారాల్లోనే. మేం ఏడాది పొడుగునా అనుమానపడ్డ గండ్లన్నీ అప్పుడే బయటపడేవి. నిండుగా ఉన్నప్పుడు కాలవ తన లోపాలు చెప్పదు.

కానీ నువ్వొచ్చే వారం రోహిణి కార్తె. మే 25 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. హైదరాబాదులో నలభై రెండు డిగ్రీల్లో తొక్కాం మావయ్యా అంటావు. అక్కడి ఎండ వేరు, ఇక్కడి ఎండ వేరు. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ఇక్కడ సముద్రం దగ్గర. గాలిలో తేమ ఉండి చెమట ఆరదు, కారుతుంది. అంకె చూస్తే ముప్పయ్యెనిమిదే ఉంటుంది, లోపల ఒళ్ళు ఉడుకుతుంటుంది. నీ చేతి గడియారం గుండె ఎంత కొట్టుకుందో చెబుతుందట కదా. మంచిదే. అది చెప్పే లోపల నువ్వు నీడలో ఉండాలి.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. పొద్దున్న అయిదింటికి బయల్దేరు, అయిదున్నరకల్లా వెలుగొస్తుంది. తొమ్మిదికి దిగిపో. మళ్ళీ నాలుగున్నర దాకా సైకిలు ముట్టుకోకు. దిగేది ఏ నీడలో అన్నది ముందు తేల్చుకుని ఆ తర్వాత తక్కిన పట్టీ రాసుకో. మేం అలాగే చేసేవాళ్ళం. ఫలానా మైలు దాకా తనిఖీ చెయ్యాలని కాదు, ఫలానా చెట్టు దాకా చెయ్యాలని బయల్దేరేవాళ్ళం. ఒక పెద్ద ఆఫీసరుగారు మిట్ట మధ్యాహ్నం జీపులో వచ్చి, చెట్టు కింద మమ్మల్ని చూసి, జీతాలు పుచ్చుకునేది కూర్చోడానికా అని అడిగేవాడు. ఆయన జీపు దిగకుండానే అడిగేవాడు. అదీ చెప్పుకోవాలి మరి.

నీడ అంటే అన్నీ ఒకటి కావు. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

కోనసీమ అంతా కొబ్బరి చెట్లే కదా, నీడకేం లోటనుకుంటావు. కొబ్బరి కింద ఉండేది నీడ కాదు, చిల్లులు. పది నిమిషాలకోసారి నువ్వు జరగాలి, లేకపోతే ఎండే నీ మీదకి జరుగుతుంది. పైగా ఎండుమట్ట ఎప్పుడు ఊడుతుందో, కాయ ఎప్పుడు రాలుతుందో దానికే తెలియదు. కొబ్బరి తోటలో పడుకున్నవాడు ఒక కన్ను తెరిచి పడుకోవాలి. తాటిచెట్టు సంగతి అసలెత్తకు. దాని దగ్గర ముంజలు తిను, నీడ అడక్కు. మామిడి నీడ చిక్కగానే ఉంటుంది గానీ కాయలున్న రోజులు. కాపలావాడు నిన్ను వేరేగా అనుకోవచ్చు. అతను ఊరుకున్నా కట్టచీమలు ఊరుకోవు. తుమ్మచెట్టు దరిదాపులకి కూడా సైకిలు తీసుకెళ్ళకు. సముద్రం వైపు సరుగుడు తోటల్లో గాలి హోరుమంటుంది, వినడానికి బాగుంటుంది, ఎండ మాత్రం సగానికి సగం దిగుతుంది.

చింత మంచి నీడ. చింతచెట్టు కింద పడుకోకూడదని మా అమ్మ అనేది, నేను కూర్చునేవాణ్ణి. ఇద్దరి మాటా దక్కింది. వేప సరే. రావి గాలి లేకపోయినా ఆకాడిస్తుంది, చూసేవాడికి చల్లగా అనిపిస్తుంది. లాకుల దగ్గర, పాత బంగళాల దగ్గర నిద్రగన్నేరు ఉంటుంది చూడు, పందిరి వేసినంత మేర పరుచుకుని. మబ్బు పడితే ఆకు ముడుచుకుంటుంది, ఎండొస్తే మళ్ళీ విప్పుతుంది. మనకి కావలసింది కూడా అదే. అన్నిటికీ మించింది కానుగ. ఎండాకాలం మొదట్లో ఆకంతా రాల్చేసి, అందరూ వాడిపోయే వేళకి కొత్తాకు తొడుక్కుంటుంది. నీడ నల్లగా ఉంటుంది. కింద పువ్వు రాలి మరమరాలు పోసినట్టుంటుంది, తువ్వాలు పరుచుకోకుండానే కూర్చోవచ్చు. కానుగ దొరికితే ఎనిమిదింటికైనా సరే, ఆగిపో.

బస్సు షెల్టరు నీడ కాదు. ఆ సిమెంటు పలక పొద్దుటి నుంచి తాగిన ఎండంతా మధ్యాహ్నం నీ నెత్తి మీదే కక్కుతుంది. రేకుల షెడ్డు మరీ అన్యాయం. తాటాకు పాక దొరికితే అదృష్టం. చూరు కిందకి దిగి ఉంటుంది, వంగి లోపలికి వెళ్ళాలి. ఆ వంగినంతలోనే తేడా తెలుస్తుంది.

ఇంతెందుకు రాస్తున్నానంటే, మాతో ఒక చైన్‌మేన్ ఉండేవాడు. నా ఈడువాడే, ఒడ్డూ పొడుగూ బాగా ఉండేవాడు. ఎండని లెక్కచేసేవాడు కాదు. "ఇంకొక్క ఫర్లాంగు" అనడం వాడికి ఊతపదం. ఒక వేసవిలో గట్టు కొలుస్తుంటే మధ్యాహ్నం వాడు గొలుసు తప్పు వైపు పట్టుకెళ్ళడం మొదలెట్టాడు. పిలిస్తే నవ్వాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒళ్ళు పెనం మీద చెయ్యి పెట్టినంత వేడి. నీడకి మోసుకెళ్ళి, చొక్కా విప్పి, తువ్వాలు మడుగులో తడిపి మెడకీ చంకలకీ చుట్టి, తాటాకుతో విసురుతూ కూర్చున్నాం, బండి దొరికేదాకా. తెలివిలో లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యొద్దని ఆ రోజు ఆస్పత్రిలో చెప్పారు, గుర్తుంచుకో. బతికాడు. కానీ ఆ తర్వాత ఎండంటే వాడికి గిట్టలేదు, ఏప్రిల్ వస్తే ఇల్లు కదిలేవాడు కాదు. అంచేత తల నొప్పి, వాంతి, మాట తడబాటు, వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఆ రోజుకి సైకిలు సరి. నీకైనా, నీ స్నేహితురాలికైనా. ముఖ్యంగా ఆ అమ్మాయికి. తనకి బాగోలేదని మొహమాటపడి చెప్పదేమో, నువ్వే చూస్తుండాలి.

నీకు సైకిలు నేర్పిన వేసవి గుర్తొస్తోంది. సీటు మీద కూర్చుంటే కాళ్ళందక, బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కేదానివి. వదలొద్దు మావయ్యా, వదలొద్దు అంటూనే వదలమని మోచేత్తో పొడిచేదానివి. పిల్లకాలవలో పడి లేచి, గౌను పిండుకుంటూ, ముందు సైకిలుకి ఏమైందో చూశావు. మోకాలి మీద రక్తం తర్వాత చూసుకున్నావు. ఆ రాత్రి మీ అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ మీ అత్తయ్య అప్పజెబుతుంది. సరే, అదలా ఉంచు.

దారి నేను చెబుతాను, మూడు పొద్దుల్లో పంచుకో. అంతా కలిపి నూరు కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని ఒక్క రోజులో మింగితే నీకు మిగిలేది నడుం నొప్పి.

మొదటి పొద్దు ధవళేశ్వరం నుంచి బ్యారేజి మీదుగా. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ముగించిన ఆనకట్ట పోయి, ఇప్పుడున్న బ్యారేజి 1982కి పూర్తయింది. బ్యారేజి దాటేటప్పుడు పక్కకి చూస్తూ తొక్కకు, ఆగి చూడు. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలవుతుంది. దాన్ని పట్టుకుని వస్తే లొల్ల లాకులు. సినిమాల్లో చూసి ఉంటావు. అక్కడికి నీకు మహా అయితే ఎనిమిదవుతుంది, ఇంకా చాలా దూరం తొక్కగలననిపిస్తుంది. తొక్కకు. మొదటి మధ్యాహ్నం అక్కడే. సాయంత్రం ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూసుకుని కొత్తపేట చేరు. ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని, ఒకే రాయి. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు, అదొక్కటి మరిచిపోకు. దేవుడు కూడా ఆ వేళ పడుకుంటాడు, నీకేమయింది?

రెండో పొద్దు పలివెల మీదుగా గన్నవరం. అక్కడ నది మీద కాలవ నడుస్తుంది. కింద వైనతేయ, పైన కాలవ నగరం దీవికి నీళ్ళు మోసుకెళుతుంది. 1850ల తొలి ఏళ్ళలో కట్టిన పాత అక్విడెక్టు 49 కమానులతో ఇంకా నిలబడే ఉంది, పక్కన కొత్తది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడది ఆ దగ్గర్లోని లంకల గన్నవరం. 1909లో పోయింది. దారిన పోయేవాడు ఏ వేళప్పుడు వచ్చినా అన్నం పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. రోడ్లు లేని రోజుల్లో లంకలు దాటి, పడవలు దిగి వచ్చిన మనుషులు మిట్ట మధ్యాహ్నం ఎక్కడ ఆగుతారు అని ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. నది మీద కాలవ పారించినవాళ్ళనీ, గుమ్మంలోకి వచ్చినవాడికి విస్తరి వేసిన ఆవిణ్ణీ జనం ఒకే వంతెన దగ్గర తలుచుకుంటున్నారంటే నాకు అది సబబుగానే తోస్తుంది. నీ రెండో మధ్యాహ్నం అక్కడ, సాయంత్రానికి రాజోలు.

ఆ వైపు నేను ఆగే ఇల్లొకటి ఉండేది. ఒక ముసలావిడ, ఒక్కతే, కొబ్బరాకు పాక. నేను వస్తే మాట్లాడేది కాదు, తరవాణి కుండలోంచి ముంత ముంచి ఇచ్చేది, ఉల్లిపాయ చేతిలో పెట్టేది. పులుపు నాలిక్కి తగలగానే కళ్ళు మూతలు పడేవి. మూడింటికి లేపి, కొడుకు రాసిన కార్డు చేతికిచ్చేది. పాతదే. ప్రతిసారీ అదే కార్డు. నేనూ కొత్తగా వచ్చినట్టే చదివేవాణ్ణి. "ఆరోగ్యం జాగ్రత్త" అన్న చోట తల ఊపేది. సైకిలు లేకపోతే ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి కాను, ఎండ లేకపోతే ఆగేవాణ్ణి కాను.

ఇప్పుడు నీకు తరవాణి ఎవరిస్తారో తెలియదు గానీ, మంచినీళ్ళు అడిగితే లేదనే ఇల్లు ఇక్కడ లేదు. అడిగే తీరు ఉంటుంది. హెల్మెట్టూ నల్లకళ్ళద్దాలూ తీసేసి, గుమ్మం బయటే నిలబడి, "పిన్నిగారూ, కాసేపు అరుగు మీద కూర్చోమంటారా" అని అడుగు. ముందు నీళ్ళు, తర్వాత ఏ ఊరమ్మా, ఎవరి తాలూకా అని అడుగుతారు. విసుక్కోకు. హైదరాబాదు అని ఊరుకోకు, మీ తాతగారి పేరు చెప్పు. పెళ్ళయిందా అని కూడా అడుగుతారు, నవ్వి ఊరుకో, నీకది అలవాటే కదా. వెళ్ళేటప్పుడు డబ్బు తియ్యకు, బాధపడతారు. నీ దగ్గరున్న పూతరేకులు పిల్లల చేతిలో పెట్టు.

మూడో పొద్దు రాజోలు నుంచి మలికిపురం మీదుగా అంతర్వేది. పెందరాళే వెళ్ళు. పొద్దెక్కాక సముద్రపు గాలి ఎదురు కొడుతుంది, గేర్లున్నా లేకపోయినా దాని ముందు అందరం ఒకటే. కోనసీమలో ఎత్తులంటే గట్టూ వంతెనా తప్ప ఏమున్నాయి? నీ ఇన్ని గేర్లు అక్కడ ఆ గాలికే పనికొస్తాయి. నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూసి, ఊళ్ళోనే ఆగు. సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం, అక్కడ రైలు. పంటు మీద సైకిలుకి స్టాండు వెయ్యకు, చేత్తో పట్టుకుని నిలబడు.

నీళ్ళు దప్పిక వేశాక కాదు, వెయ్యకముందే తాగుతుండు. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే వికటిస్తుంది. బొండాలు తాగు. చలివేంద్రం కనపడితే ఆగు. గోళీసోడా మాత్రం సరదాకి ఒకటి చాలు.

గట్ల మీద పల్లేరుకాయలు కాచుకుని ఉంటాయి. ఎండిన కాయ ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే లేచి ఉంటుంది. గాలి పోయిందని కొత్త ట్యూబు గభాలున ఎక్కించెయ్యకు. టైరు లోపలంతా వేలితో మెల్లిగా తడుముకుంటూ రా, విరిగిన ముల్లు మొన గోరుకి తగులుతుంది. అది తీయకపోతే రెండో ట్యూబూ పోతుంది. ప్యాచీ వేసేటప్పుడు సొల్యూషన్ తడి మెరుపు పోయేదాకా ఆగాలి. నీకు ఆ ఓపిక లేదని తెలుసు, అందుకే ఈ పని నీడలో చెయ్యమంటున్నాను. ఆగిన సైకిలు కూడా నీడలోనే ఉండాలి, కాలిన ట్యూబు మీద ప్యాచీ నిలవదు. చూశావా, మళ్ళీ నీడ దగ్గరికే వచ్చాను. మీ అత్తయ్య ఇంతవరకు చదివి, పిల్ల విహారానికి వెళుతోందా, చెట్ల లెక్కలకి వెళుతోందా అంటోంది.

ఒకటడుగుతాను. మధ్యాహ్నాలు ఎందుకు వదిలేశావు? ఖాళీగా కూర్చోవలసి వస్తుందని కదూ? కూర్చుంటే ఆలోచనలొస్తాయని. రానీ తల్లీ. కానుగ కింద ఏడు గంటలు కూర్చుంటే మొదటి రెండు గంటలే కష్టం, తర్వాత నిద్రొస్తుంది. ఉద్యోగం గురించి రాయనన్నాను, రాయలేదు. మానేసినదానివి మానేశావు, మళ్ళీ ఎక్కేది ఎప్పుడని అడిగేవాళ్ళ తొందర నీకెందుకు?

మూడు మధ్యాహ్నాలకి మూడు చోట్లు, చెట్టు పేరుతో సహా, నాకు రాసి పంపు. "చూసుకుంటాం మావయ్యా" అంటే ఒప్పుకోను. ఈ వయసులో నేనూ సైకిలేసుకుని మీ వెనకాల వస్తాను, మీ అత్తయ్య సాక్షిగా.

ఉంటాను,
ఆశీస్సులతో,
మీ మావయ్య

తా.క. ఈ ఉత్తరం తెచ్చిన కుర్రాడి చేత కొత్తావకాయ పంపుతోంది మీ అత్తయ్య. జాడీతో పాటు చిన్న కవరు ఉంటుంది, తెరిచి చూసుకో. మీ అమ్మ అడిగితే సైకిలు ట్యూబులకి మావయ్య ఇచ్చాడని చెప్పు. ట్యూబులకి అంత అవదని నాకూ తెలుసు, మీ అమ్మకీ తెలుసు. తిరిగి పంపావంటే మాత్రం నీతో మాట్లాడను.